చీటీ రాసి సరుకు తెచ్చుకున్న రోజులు

సూపర్‌మార్కెట్‌లో రసీదు ఇస్తారు కదా, దాని అడుగున లావు అక్షరాలతో ఒక వరస ఉంటుంది: ఈరోజు మీరు 214 రూపాయలు ఆదా చేశారు, అని. నాకు ఒళ్లు మండేది అక్కడే. మూడు వేలు బయటికి పోయాక ఆదా ఏమిటి? మా కోడలు ఆ రసీదు చూసి సంతోషపడుతుంది. "చూడండత్తయ్యా, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ" అంటుంది. ఆ మొదటిదే మనకి అక్కర్లేదు, ఇక రెండోది ఎందుకమ్మాయ్? గిన్నెలు తోమే సబ్బునీళ్ల సీసాలు సింకు కింద వరసగా ఉన్నాయి. మొన్న ఇంకోటి ఫ్రీగా వచ్చి వాటి పక్కన చేరింది.

మా రోజుల్లో ఆదా అన్నది కొట్టు గడప తొక్కకముందే అయిపోయేది. 1971లో పెళ్లయి తెనాలి గంగానమ్మపేటలో కాపరం పెట్టాను. మావారు హైస్కూలు మేష్టారు. ఒకటో తారీఖున జీతం చేతికొస్తే ఆ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని సరుకుల చీటీ రాసేవాళ్లం. చీటీ రాయడమంటే గుర్తొచ్చినవల్లా రాసెయ్యడం కాదు. ముందు డబ్బాలన్నీ మూతలు తీసి చూడాలి. పోయిన నెల చీటీ పక్కన పెట్టుకోవాలి. శనగపప్పు పోయినసారి అరకిలో తెచ్చాం, ఇంకా పావు ఉంది, ఈ నెల కొట్టెయ్. పంచదార రేషన్లో వస్తుంది, బయట పావుకిలో చాలు. ఇంగువ ఉంది. మెంతులు అడుగంటాయి, రాయి. అంతా రాశాక ధరలు వేసి కూడితే మేము అనుకున్నదానికి ఎప్పుడూ పదో పదిహేనో ఎక్కువొచ్చేది. అప్పుడు కిందనుంచి పైకి కొట్టేసుకుంటూ వచ్చేవాళ్లం. జీడిపప్పు పోయేది, కిస్‌మిస్ పోయేది, ఏలకులు సగమయ్యేవి. కూడిక సరిపోయాకే చీటీ కొట్టుకి వెళ్లేది. శెట్టిగారు పొట్లాలు కట్టి, పురికొస చుట్టి పంపేవారు. ఆ పురికొస కూడా విప్పి ఉండ చుట్టి దాచేదాన్ని. చీటీలో లేని వస్తువు ఇంట్లోకి వచ్చేది కాదు. ఇప్పుడు చీటీ రాసుకుని వెళ్లేవాళ్లు ఎంతమంది? బండి తోసుకుంటూ వెళ్లి, కంటికి ఏది కనబడితే అది వేసుకోవడమే.

ఇక ఏడాది సరుకు సంగతి. ఈ కాలం పిల్లలకి ఇది బొత్తిగా తెలియదు. తెలియకపోవడం వల్ల వాళ్లు ఎంత నష్టపోతున్నారో చెబితే చాదస్తం అంటారు. ప్రతి పంటకీ ఒక నెల ఉంటుంది. ఆ నెలలో అది బాగుంటుంది, చవగ్గానూ ఉంటుంది. సంక్రాంతి దాటాక మా డెల్టా మాగాణుల్లో మినుములు చేతికొచ్చేవి. మినపప్పు ఎప్పుడూ కొనలేదు నేను. పొట్టు మినుములు బస్తా తీసుకుని, కావలసినప్పుడు తిరగలిలో వేసి విసురుకోవడమే. మాఘ ఫాల్గుణాల్లో కొత్త కందిపప్పు. నాలుగు రోజులు ఎండబెట్టి, అరచేతికి ఆముదం రాసుకుని పప్పంతా పులిమి డబ్బాకెత్తితే మళ్లీ ఏడాదికి కూడా పురుగు ముట్టదు. తర్వాత చింతపండు. పెంకు మాత్రం వొలిచి, గింజతో అమ్మేదాన్ని తెచ్చుకుంటే సగం ధర. మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఆడవాళ్లం అరుగు మీద చేరి, చేతులకి నూనె రాసుకుని గింజలూ ఈనెలూ తీసేవాళ్లం. రాళ్ల ఉప్పు కలిపి, ఉండలు కట్టి జాడీలో గట్టిగా అదిమితే వచ్చే చింతపండు దాకా ఢోకా లేదు. పాతబడ్డకొద్దీ నల్లగా అయ్యేది, పులుపు మాత్రం ఎక్కడికీ పోయేది కాదు. ఆ వెనకే మిరపకాయలు. గుంటూరు మాకు ఎంత దూరం? మావారు వెళ్లి తెచ్చేవారు. ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టి, తొడిమలు తీసి దంపిస్తే సంవత్సరానికి సరిపడా కారం. ఆవకాయకి వేరు, కూరలోకి వేరు.

ఇదంతా ఒక్కసారి డబ్బు పెడితే జరిగే పని. మేష్టారి జీతంలో ఒక్కసారి అంత డబ్బు ఎక్కడిది అంటారేమో. దానికీ లెక్క ఉంది. దసరా నుంచి నెలకి కొంచెం కొంచెం తీసి విడిగా పెట్టేవాళ్లం. పెద్ద పండక్కి బట్టలు తగ్గించుకున్న ఏడాదీ ఉంది. కానీ కందిపప్పు పంట నెలలో కొన్నవాళ్లకి శ్రావణమాసంలో ధర పెరిగిందని గుండె దడ ఉండదు. మా ఇంట్లో కందిపప్పు ధర ఎంత అని శ్రావణంలో ఎవరూ అడిగేవారు కాదు.

2023 జులై, ఆగస్టుల్లో టమాటా గుర్తుందా? కిలో నూట యాభై దాటి, మదనపల్లె మార్కెట్టు పేరు రోజూ టీవీలో వచ్చింది. మా అపార్టుమెంట్లో అందరూ అదే మాట. అయినా అందరి ఇళ్లలోనూ టమాటా పప్పే. ఆ నెల టమాటా తినకపోతే ఏమైంది? మామిడికాయ ఒరుగులుంటే పప్పులో పడేస్తాం, చింతచిగురు ఉంటే అది, ఏదీ లేకపోతే చింతపండు పులుసు. అదే టమాటా మరో నెలలో రైతుకి కోతకూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోస్తారు. మా అమ్మ రాయలసీమ నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర టమాటా ఒరుగులు చేయడం నేర్చుకుంది. చవకగా ఉన్న నెలలో కోసి, ఉప్పు జల్లి ఎండబెట్టి దాచేది. ధర పెరిగిన కూరగాయని ఆ నెలకి వదిలేయడం మాకు పట్టుదలేమీ కాదు, అలవాటు. ఇప్పుడు వంటల వీడియో చూసి, అందులో చెప్పిన వస్తువు ఏ ధరకైనా తెప్పించుకుని అదే వండాలి.

పొయ్యి గురించి కూడా చెప్పాలి. గ్యాసు రాకముందు మాకు కిరసనాయిలు స్టవ్వు ఒకటి, రంపపు పొట్టు పొయ్యి ఒకటి ఉండేవి. కిరసనాయిలు రేషను, దాన్ని పొదుపుగా వాడాలి. పొట్టు మాత్రం అడితీలో బస్తా ఇంత అని దొరికేది. ఆ పొయ్యి దట్టించడం ఒక విద్య. రేకు డబ్బాకి అడుగున పక్కగా కన్నం ఉంటుంది. ఆ కన్నంలోంచి ఒక కర్ర దూర్చి, డబ్బా నడుమ నిలువుగా అప్పడాల కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టు పోస్తూ పిడికిలితో కూరాలి. వదులుగా కూరితే మంట మధ్యలో కూలిపోతుంది, మరీ బిగిస్తే అంటుకోదు. తర్వాత రెండు కర్రలూ మెల్లిగా తిప్పుతూ లాగేస్తే లోపల గొట్టంలా దారి పడుతుంది. కింద కన్నంలో చిన్న పుల్ల వెలిగించి పెడితే మూడు నాలుగు గంటలు సెగ. ముందు పప్పు, అది దిగాక అన్నం, ఆ తర్వాత కూర, చివరికి పాలు కాగబెట్టి, ఆరిపోయే సెగ మీద స్నానానికి నీళ్ల గుండిగ. ఒక్క వెలుగు కూడా ఉత్తినే పోయేది కాదు.

ఆ పొగ మళ్లీ కావాలని నేను అనను. గ్యాసు వచ్చిన రోజు నేనే అందరికంటే ఎక్కువ సంతోషించాను. ఏ వంట తర్వాత ఏది, ఏ సెగ మీద ఏది అన్న ఆలోచన మాత్రం పోకూడదంటాను. పప్పు అరగంట నానబెట్టి కుక్కరులో పెడితే రెండు కూతలు తగ్గుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు తీసినట్టే పొయ్యి మీద పెట్టకుండా కాసేపు బయట ఉంచితే ఆ మేరకు గ్యాసు మిగులుతుంది. మూత పెట్టి ఉడికిస్తే చాలు, ఎంత తేడా! 14.2 కిలోల బండ మా ఇంట్లో నలుగురికి నెలన్నర వచ్చేది. ఇప్పుడూ నలుగురమే, వంట అప్పటిలో సగం, బయటి తిండి దానికి రెట్టింపు, అయినా బండ నెలకి ముందే అయిపోతుంది. స్టవ్వు వెలిగించి ఉల్లిపాయలు తరగడం మొదలుపెడితే మరి అవదూ?

బీరకాయ పొట్టు పచ్చడి, ఆనపకాయ తొక్కు పచ్చడి, పనస గింజల కూర, పులిసిన మజ్జిగతో మజ్జిగపులుసు, ఇవన్నీ పేదరికం వంటలు కావు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు అడిగి వేయించుకునేవారు. ఒక కాయ కొంటే రెండు వంటలు. ఇప్పుడు బీరకాయ చెక్కు తీసి చెత్తబుట్టలో వేసి, పచ్చడి సీసా బజారులో కొనుక్కొస్తున్నారు.

దోసెల పిండి మాట ఎత్తకుండా ఉండలేను. మేమిప్పుడు ఉంటున్న హైదరాబాదులో ఎక్కడ చూసినా పిండి ప్యాకెట్లే. కిలో ఎనభై, తొంభై. అందులో సగానికి పైగా నీళ్లు. ఒకసారి కోడలికి కొలిచి చూపించాను: సుమారు వంద గ్రాముల మినపప్పు, మూడు వందల గ్రాముల బియ్యం నానేసి రుబ్బితే కిలోకి దగ్గరగా పిండి వచ్చింది. సరుకు ఖర్చు ముప్పై అయిదు రూపాయలు దాటదు. మాలాగా రాత్రి పదింటికి రుబ్బురోలు దగ్గర కూర్చోమని ఎవరన్నారు? ఇంట్లో వెట్ గ్రైండరు ఉంది. గుడ్డ కప్పి మూల పెట్టారు. మీట నొక్కితే అదే రుబ్బుతుంది. "టైము లేదు అత్తయ్యా" అంటుంది. టైము లేదంటే ఒప్పుకుంటాను, ఉద్యోగం చేసి వచ్చే పిల్ల. మరి కొడుకేం చేస్తున్నాడు? పప్పు నానబెట్టడానికి మగవాడి చేతులు పనికిరావా? మా ఆయన శనివారం సాయంత్రం రుబ్బురోలు దగ్గర కూర్చునేవారు, వీధిలో అందరూ చూస్తుండగానే.

ఇప్పుడు పది నిమిషాల్లో తెచ్చిచ్చే కుర్రాళ్ల గురించి. ఎండలో, వానలో బండి మీద పరుగెత్తే ఆ పిల్లల్ని చూస్తే జాలేస్తుంది, వాళ్లని ఏమీ అనను. ఆ ఫోను మీదే నా కోపం. ఓ రోజు సాయంత్రం కొత్తిమీర కావలసి వచ్చింది. కట్ట పదిహేను రూపాయలు. డెలివరీకి ఇంత, హ్యాండ్లింగుకి ఇంత, చిన్న ఆర్డరు కాబట్టి ఇంకొంచెం అని చూపించింది. అవి కట్టకుండా ఉండాలంటే ఆర్డరు రెండు వందలు దాటాలట. దాంతో కొత్తిమీరకి తోడు చాక్లెట్లు, చిప్స్ ప్యాకెట్టు, ఎందుకో తెలియని వాసన కొవ్వొత్తి చేరాయి. పదిహేను రూపాయల అవసరానికి రెండు వందల పైచిలుకు వదిలింది. డెలివరీ ఉచితం అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. వీధి చివర కూరగాయల బండి ఉంది. ఆ బండావిడ కూరలు కొంటే కరివేపాకు ఊరికే వేస్తుంది.

ప్యాకెట్ల మాయ ఇంకోటి. అయిదు రూపాయల బిస్కట్ ప్యాకెట్టు ఏళ్ల తరబడి అయిదు రూపాయలే. ధర పెరగలేదని అనుకుంటారు. చేత్తో పట్టుకుని చూడండి, బరువు తగ్గుతూ వచ్చింది. సబ్బు అంతే, టీపొడి అంతే. మాకు ఈ బాధ లేదు. మేము గిద్ద, సోల, తవ్వ, మానిక అని కొలిపించుకుని తీసుకునేవాళ్లం. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కొలపాత్ర మన కళ్లముందు నిండాలి, తలకొట్టి ఇస్తే ఊరుకునేవాళ్లం కాదు. అదే సోలతో ఇంట్లో బియ్యం కొలిచి పోసుకునేవాళ్లం, మనిషికి ఇంత అని. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి విడి కుండలో వేసేది మా అత్తగారు. నెలాఖరుకి ఆ కుండే రెండు మూడు పూటలు గడిపేది.

ఇప్పుడు కొలత మన చేతిలో లేదు గానీ, లెక్క ఉంది. ప్యాకెట్ మీద మొత్తం ధరతో పాటు గ్రాముకి ఇంత, మిల్లీలీటరుకి ఇంత అని కూడా వేయాలని నిబంధన వచ్చింది. చిన్న అక్షరాల్లో ఎక్కడో మూల ఉంటుంది. మనవరాలి చేత వెతికించి చదివిస్తాను. పెద్ద ప్యాకెట్టు చవక అనుకుంటాం, అన్నిసార్లూ కాదు. ఆఫరు అని ఎర్ర చీటీ అంటించిన దానికంటే పక్కనున్న మామూలు ప్యాకెట్టు గ్రాముకి తక్కువ పడ్డం నేను కళ్లారా చూశాను. ఆ ఒక్క అంకె చదివితే నెల బిల్లు తగ్గుతుంది. ఎవరూ చదవరు.

మిగిలిన డబ్బు ఎక్కడికి వెళ్లేదో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతి అదే. పోపుల డబ్బాలో పెట్టిన చిల్లర వీధి చీటీలోకి, చీటీ పాడుకున్న డబ్బు పోస్టాఫీసు ఆర్డీలోకి. ఏజెంటుగా చేసే ఆవిడ నెలనెలా ఇంటికే వచ్చి పాసు పుస్తకంలో రాసి తీసుకెళ్లేది. అయిదేళ్లకి చేతికొచ్చిన డబ్బుతో పెద్దమ్మాయికి గొలుసు చేయించాం. ఇది చదువుకున్న బస్తీ ఆడవాళ్ల తెలివి అనుకోకండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో ఎంత పెద్దదైందో మా వయసు వాళ్లందరికీ గుర్తే. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ జిల్లా ఆడవాళ్లు అక్కడితో ఊరుకోలేదు. మొగుడు సారాకి తగలేసే డబ్బు ఇంట్లో మిగిలింది కదా అని, రోజుకి రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి అన్నారు దాన్ని. కావలి వైపు ఉండే మా ఆడపడుచు కూడా చేరింది. కూలికి వెళ్లే మనుషులు, సంతకం రానివాళ్లు, నెలకి ముప్పై రూపాయలు తెచ్చి సంఘంలో వేసి, పెట్టెకి తాళం వేసి, లెక్క అందరి ముందూ చదివించుకున్నారు. ఆ తర్వాత రాష్ట్రమంతా డ్వాక్రా సంఘాలు పెరగడానికి వాళ్లు వేసిన దారి ఎంతో పనికొచ్చింది. వాళ్లకి రూపాయి మిగిలితే, నెలకి లక్ష తెచ్చుకునే ఇంట్లో ఇరవయ్యో తారీఖుకి క్రెడిట్ కార్డు ఎందుకు గీకాలి? ఎప్పుడో చూడ్డం మానేసిన సినిమాల యాప్‌కి నెలనెలా తనంతట తానే డబ్బు కోసుకుంటుంటే, మా అబ్బాయికి ఏడాది దాకా తెలియనే లేదు.

ఈ కాలంలో మంచి లేదని కాదు. ఎల్‌ఈడీ బల్బు ఉంది. అరవై వాట్ల బల్బు రోజుకి అయిదు గంటలు వెలిగితే నెలకి తొమ్మిది యూనిట్లు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర కూడా కాదు. మాకు అప్పుడు ఇది ఉంటే ఎంత బాగుండేది! వీళ్లు మాత్రం అక్కడ మిగిలింది ఏసీలో పోస్తున్నారు. తెలంగాణలో కరెంటు ఛార్జీల పట్టిక చూశాను. నెలకి వంద దాటి రెండు వందల యూనిట్లలోపు అయితే మొదటి వందకి యూనిట్ 3.40, తర్వాత వందకి 4.80. మొత్తం 820 రూపాయలు. రెండు వందలు దాటిందా, మొదటి యూనిట్ నుంచి రెండు వందల దాకా 5.10, ఆ పైన 7.70. అంటే 201వ యూనిట్ ఒక్కటి దాదాపు 208 రూపాయలు పడుతుంది. నెలలో ఇరవై రోజులయ్యాక మీటరు ఒకసారి చూసుకుంటే చాలు, ఆఖరి పది రోజులు ఏసీ 18లో కాక 26లో పెట్టుకుని ఫ్యాను వేసుకోవచ్చు. మీటరు ఎక్కడుందో కూడా మా అబ్బాయికి వాచ్‌మన్‌ని అడిగితే గానీ తెలియలేదు.

నేను ఇంత చెబితే, "ఫ్లాటులో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అత్తయ్యా" అంటుంది కోడలు. కుదురుతాయి. అటక మీద టీవీ వచ్చిన ఖాళీ అట్టపెట్టె ఉంది, విరిగిన సూట్‌కేసులున్నాయి. అవి తీస్తే మూడు జాడీలూ, రెండు పెద్ద డబ్బాలూ పడతాయి. కందిపప్పు బస్తా అక్కర్లేదు, పది కిలోలు పంట నెలలో కొంటే చాలు. చింతపండు నాలుగు కిలోలు. కారం మూడు కిలోలు. వడియాలు రెండు వాయిలు. దీనికి కావలసింది ఎండ. ఎండ మేడ మీద బోలెడుంది, కానీ టెర్రస్‌కి తాళం వేశారు. పోయిన వేసవిలో వడియాల గుడ్డ పరిస్తే, బిల్డింగు అందం పోతుందని, పావురాలు వస్తాయని అసోసియేషన్ వాళ్లు నోటీసు అంటించారు. అయిదు అంతస్తుల్లో ఇరవై ఇళ్లు. ఇరవై ఇళ్లవాళ్లూ వడియాల ప్యాకెట్టు రెండు వందల గ్రాములు చొప్పున కొనుక్కొస్తున్నారు. పైన ఎండ ఊరికే పోతోంది.

వచ్చే మీటింగుకి నేను వెళ్తాను. సెక్రటరీగారిని అడగవలసింది రాసి పెట్టుకున్నాను. నీళ్ల ట్యాంకుల వైపు తాళం ఉంచుకోండి. తూర్పు వైపు నాలుగు చాపలు పట్టేంత చోటు, ఫిబ్రవరి నుంచి మే దాకా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకూ. కాపలాకి నేనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. రెండో అంతస్తులో నెల్లూరావిడ, నాలుగో అంతస్తులో నిజామాబాదావిడ తామూ వస్తామన్నారు. మిరపకాయలకి తెనాలిలో మా తమ్ముడికి ఫోను చేశాను, ఎన్ని కిలోలు కావాలో ఈ నెలాఖరులోగా చెప్పమన్నాడు.